ఇరవై మూడో ప్రశ్న

ఆఫీసులో ఆమెను అందరూ లెక్కలక్క అనే పిలిచేవారు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూచునే కాపలాదారు మొదలు, తండ్రి పోయాక సంస్థను చేతుల్లోకి తీసుకున్న చిన్నసారు దాకా అందరిదీ అదే పిలుపు. ఉద్యోగంలోకి మనుషుల్ని తీసుకునే కంపెనీలు ముందుగా వాళ్ళకు లెక్కలెంత వచ్చో, తర్కం ఏపాటిదో తెలుసుకోవాలనుకుంటాయి. ఆ పరీక్షలు జరిపి పెట్టే సంస్థ అది. ప్రశ్నలు తయారుచెయ్యడం, హాల్లో పరీక్ష పెట్టడం, జవాబు కాగితాలు మిషను చేత దిద్దించి మార్కుల జాబితా పంపడం, అంతవరకే దాని పని. ఆ తరవాత ఎవరికి ఉద్యోగం ఇచ్చుకుంటారో వాళ్ళ ఇష్టం.

లెక్కలక్క అక్కడ చేరి పదిహేడేళ్ళు. అంతకు ముందు ఒక ట్యుటోరియల్లో పాఠాలు చెప్పేది. అది మూతపడి ఇటు వచ్చినప్పుడు, "పిల్లలకు చెప్పడంకన్నా ఇదే నయం, ప్రశ్నలు గోల చెయ్యవు" అని నవ్వేది. ఆ నవ్వు ఎప్పుడో అరిగిపోయింది. రైలు ఎదురొచ్చే రైలును ఎంతసేపట్లో దాటుతుంది, ఆరుగురు గుండ్రటి బల్ల చుట్టూ కూచుంటే టోపీ పెట్టుకున్నవాడికి ఎదురుగా ఎవరుంటారు, ఒక కుళాయి తొట్టిని నింపుతుంటే ఇంకొకటి ఖాళీ చేస్తుంటే అది ఎప్పటికి నిండుతుంది. పదిహేడేళ్ళలో ఎన్ని రైళ్ళు నడిపిందో, ఎన్ని తొట్లు నింపిందో ఆమెకే లెక్క లేదు. యాభై రెండో ఏడు వచ్చేసరికి మధ్యాహ్నం దాటితే కళ్ళు మండేవి. సాయంత్రానికి మెడ కొయ్యబారిపోయేది. ఇంటికెళ్ళే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే ఆ రోజుకు అదే భాగ్యం.

ఆ ఏడు వేసవిలో నీటి మీటర్లు తయారుచేసే ఒక కంపెనీ వారి పరీక్ష జరిగింది. స్టోరు సూపర్‌వైజరు ఉద్యోగాలకు. ఆరేళ్ళుగా ఏడాదికి రెండుసార్లు ఈ పరీక్ష జరుగుతూనే ఉంది. హాల్లోంచి ఒక్క కాగితం కూడా బయటికి పోనివ్వరు కనక, నలభై ప్రశ్నల్లో పది మాత్రమే మార్చి మిగతా ముప్ఫై అలాగే ఉంచుతారు. పక్కవాడిది చూసి రాయకుండా ఎ పేపరు, బి పేపరు అని రెండు రకాలు చేస్తారు. ప్రశ్నలు రెంటిలోనూ అవే, కింద ఇచ్చే నాలుగు జవాబుల వరస మాత్రం వేరు.

మిషను దిద్దిన జాబితా బల్ల మీదికి వచ్చింది. పైనుంచి కిందికి ఒకసారి చూసి సంతకం పెట్టడం తప్ప ఆమె చెయ్యాల్సింది ఏమీ లేదు. టీ తాగుతూ చూస్తోంది. మొదటి వరసలోనే ఒకమ్మాయికి నలభైకి ముప్ఫై తొమ్మిది. అన్ని మార్కులు ఎప్పుడో గాని రావు. ఆ ఒక్కటీ ఎక్కడ పోయిందో చూద్దామని పక్క గడిలోకి చూసింది. ఇరవై మూడో ప్రశ్న.

లెక్కలక్క గ్లాసు కింద పెట్టింది.

ఇరవై మూడంటే పైపు లెక్క. ఒక పైపును కోసి ఆరు ముక్కలు చెయ్యడానికి పదిహేను నిమిషాలు పట్టింది. అలాంటి పైపునే పన్నెండు ముక్కలు చెయ్యడానికి ఎంతసేపు పడుతుంది? తొందరపడేవాళ్ళు రెట్టింపు కదా అని ముప్ఫై అనేస్తారు. ఒక్క క్షణం ఆగేవాళ్ళు, ఆరు ముక్కలకు అయిదు కోతలే గదా, కోతకు మూడు నిమిషాలు, పన్నెండు ముక్కలకు పదకొండు కోతలు, కాబట్టి ముప్ఫై మూడు అంటారు. గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మందిని తడుముకోకుండా కూచోబెట్టిన పిల్ల దీనిదగ్గర పడిపోవడమేమిటి?

అమ్మాయి జవాబు కాగితం తెప్పించింది. 'సి' దగ్గర సున్నా నల్లగా, అంచు దాటకుండా నింపి ఉంది. బి పేపరు తీసి చూసింది. 'సి' అంటే ముప్ఫై మూడు. రైటే. అప్పుడు మిషనుకు ఇచ్చిన జవాబుల పట్టీ తీసింది. బి పేపరు, ఇరవై మూడు, 'బి'. అంటే ముప్ఫై. ఎ పేపరులో ముప్ఫై మూడు రెండో వరసలో, 'బి' దగ్గర ఉంటుంది. బి పేపరుకు వరస మార్చినవాళ్ళు పట్టీలో అక్షరం మార్చలేదు.

మార్చనివాళ్ళు ఇంకెవరో కాదు. పట్టీ అడుగున సంతకం ఆమెదే.

ఇంకా నమ్మకం చాలక జాబితా మళ్ళీ ముందేసుకుంది. పైనున్న ముప్ఫై మంది బి పేపరు వాళ్ళలో ఇరవై ఎనిమిది మందికి ఇరవై మూడు తప్పు పడింది. అడుగున ఉన్న ముప్ఫై మందిలో ఇరవై మందికి రైటు పడింది. బాగా వచ్చినవాళ్ళంతా తప్పి, ఏమీ రానివాళ్ళంతా నెగ్గిన ప్రశ్న ఎక్కడైనా కనబడితే ముందు పట్టీ చూసుకోండి అని కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పేది తనే. కానీ అలా పోల్చి చూడటం తను మానేసి నాలుగైదేళ్ళయింది. చూశావా అని అడిగేవాళ్ళు లేరు. చూసేంత ఓపికా మిగల్లేదు.

ఆ పట్టీ తయారుచేసిన వారం ఆమెకు బాగా గుర్తుంది. అమ్మకు పొట్ట ఆపరేషను. ఆసుపత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో అట్ట పెట్టుకుని, మూడు రోజులు సరిగ్గా నిద్ర లేని కళ్ళతో రాసింది. మధ్యలో నర్సు పిలిస్తే లేచి వెళ్ళి వచ్చి మళ్ళీ రాసింది. ఏ అక్షరం దగ్గర లేచిందో దేవుడికి తెలియాలి. అమ్మ ఆ ఆపరేషను తరవాత రెండేళ్ళు బతికింది. పట్టీ ఆరేళ్ళు బతికింది.

చిన్నసారు గది తలుపు తోసుకుని వెళ్ళింది. అతను ఫోనులో మాట్లాడుతూనే కూచోమని చెయ్యి చూపించాడు. ఫోను పెట్టేశాక ఉన్నదున్నట్టు చెప్పింది. అతను వింటూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"సరే లెక్కలక్కా, ఈసారి జాబితా మళ్ళీ దిద్దించండి. పట్టీ సరిచేసెయ్యండి. అయిపోయిందిగా?"

"పాతవి?"

"పాతవంటే?"

"ఆరేళ్ళు. పన్నెండు పరీక్షలు. ఇరవై ఎనిమిదొస్తే పాసు. ఇరవై ఏడు దగ్గర ఆగిపోయినవాళ్ళు ఉంటారు కదండీ."

చిన్నసారు ముందుకు వంగాడు. గొంతు తగ్గించాడు. "సరే, వాళ్ళని పిలిచి ఇదిగో మీ మార్కు అని ఇద్దామనుకుందాం. మరి ముప్ఫై అని తప్పు రాసి, ఇరవై ఎనిమిదొచ్చి, ఉద్యోగంలో చేరి, పెళ్ళాం పిల్లలతో ఉన్నవాళ్ళని ఏం చేద్దాం? రేపొద్దున లేచి వాళ్ళ ఉద్యోగాలు పీకిద్దామా?"

ఆమె చేతిలోని పట్టీ వైపు చూసుకుంది.

"చూశారా. తవ్వితే ఆగదు. మీరు అలిసిపోయి ఉన్నారు, రెండ్రోజులు సెలవు పెట్టండి."

అలిసిపోయిన మాట నిజమే. అందుకే ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. సెలవు పెట్టలేదు. మర్నాడు ఉదయం ఆఫీసు తెరవగానే స్టోరుగది దగ్గరికి వెళ్ళింది. పాత జవాబు కాగితాలు ఏడేళ్ళపాటు దాచాలని మీటర్ల కంపెనీతో ఒప్పందం. కట్టలు కట్టి, తేదీ చీటీలు అంటించి, గోడ పొడుగునా పేర్చి ఉంటాయి. వాటికి కాపలా స్టోరుతాత. రిటైరవ్వాల్సిన వయసు దాటినా, ఏ కట్ట ఎక్కడుందో ఇంకెవరికీ తెలియక ఆయన్ని ఉంచేశారు.

"తాతా, మీటర్ల కంపెనీవి కావాలి. అన్నీ."

"అన్నీనా? ఏం తల్లీ, చెదపురుగులకు పోటీగా దిగుతున్నావా?" అంటూనే నిచ్చెన వేసుకుని దింపడం మొదలుపెట్టాడు. "కొత్తవి పైనుంటాయి, పాతవి అడుగున. వెనక్కి వెనక్కి పోవాలి మరి."

అలాగే వెనక్కి వెనక్కి వెళ్ళింది. రోజూ ఆఫీసు వేళకు గంట ముందు వచ్చి, మధ్యాహ్నం డబ్బా అరగంటలో ముగించి, స్టోరుగదిలో స్టూలు మీద కూచునేది. జాబితాలో ఇరవై ఏడు వచ్చిన బి పేపరు వాళ్ళను ఏరడం, వాళ్ళ జవాబు కాగితం వెతకడం, ఇరవై మూడో వరసలో 'సి' నింపారా అని చూడటం. దుమ్ముకు తుమ్ములు. తాత తన తువ్వాలు తడిపి ఇచ్చాడు ముక్కుకు కట్టుకొమ్మని. ఒక్కొక్క కట్టలో ఇద్దరో ముగ్గురో తేలుతున్నారు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా ఒక నోటుపుస్తకంలో రాసుకునేది. ఒకాయన చిరునామా దగ్గర 'ఉత్తరాలు పక్కింటివారికి ఇవ్వవలెను' అని కూడా రాసి ఉంది. ఉత్తరం వస్తుందని ఎంత ఆశపడ్డాడో అనుకుంది.

కొత్త కట్టలు అయిపోయి అడుగు కట్టలకు చేరుతున్నకొద్దీ ఆమె చేతులు నెమ్మదించాయి. కారణం తాతకు తెలియదు. అడుగునుంచి రెండో కట్టలో ఆమె తమ్ముడి కాగితం ఉంది.

తమ్ముడు పైపుల పని చేస్తాడు. చిన్నప్పటినుంచీ చేతిపని మీదే ధ్యాస, చదువు మధ్యలో ఆగి, మళ్ళీ పట్టుబట్టి ప్రైవేటుగా డిగ్రీ కట్టి పాసయ్యాడు. అప్పటికే ముప్ఫై అయిదేళ్ళు. ఒంగి ఒంగి మోకాళ్ళు పాడవుతున్నాయి, కూచుని చేసే పని ఏదైనా దొరికితే బాగుండునని ఆ పరీక్షకు దరఖాస్తు పెట్టాడు. అక్క పనిచేసే చోటే పరీక్ష అని తెలిసి ఒక ఆదివారం వచ్చాడు. పేపరు చూపించమని అడగలేదు, అంత దూరం పోయే మనిషి కాదు. "ఏ రకం లెక్కలొస్తాయో అదొక్కటీ చెప్పక్కా, అవి చూసుకుంటా" అన్నాడు. ఆమె, "అది కూడా చెప్పకూడదురా" అంది. చెప్పకపోవడం న్యాయమే. తమ్ముడు పరీక్ష రాస్తున్నాడని ఆఫీసులో కాగితం రాసిచ్చి, ఆ రోజు హాలు దరిదాపులకు కూడా పోలేదు. అదీ న్యాయమే. కానీ ఇరవై ఏడు వచ్చిందని, ఒక్క మార్కులో పోయిందని వాడు వచ్చి ఆమె గడపలో నిలబడి చెప్పినప్పుడు, ఆ పూట ఆమెకు తల పగిలిపోతోంది, అమ్మకు మందులు తెచ్చి అప్పుడే చెప్పులు విప్పింది, "ఒక్క మార్కు కాదురా, నువ్వు బుర్ర పెట్టలేదు. బుర్ర పెడితే వచ్చేది" అంది.

వాడు వెనక్కి తిరిగాడు. వెళ్ళిపోయాడు. తరవాత అమ్మ పోయినప్పుడు వచ్చాడు, అవసరమైన మాటలు మాట్లాడాడు. అంతే. ఆరేళ్ళు.

రెండో వారం గురువారం మధ్యాహ్నం ఆ కట్ట విప్పింది. తమ్ముడిది బి పేపరే. మార్కులు ఇరవై ఏడు. వరసలు వేలితో లెక్కపెట్టుకుంటూ కిందికి వచ్చింది. ఇరవై మూడు దగ్గర 'సి' నింపి ఉంది. పెన్సిలు గట్టిగా నొక్కినట్టున్నాడు, కాగితం వెనక కూడా అచ్చు కనిపిస్తోంది.

"ఏం తల్లీ, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు తాత.

"లేదు తాతా. దుమ్ము."

మొత్తం ముప్ఫై ఒక్కరు తేలారు, తమ్ముడితో కలిపి.

ఆ సాయంత్రం భర్తకు చెప్పింది. ఆయన బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి మానేసినవాడు, మాట తక్కువ. చాలాసేపు విని, "నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలియదు" అన్నాడు. ఆమె తలెత్తి చూస్తే, "వద్దంటున్నానని కాదు. తెలియదు అంటున్నానంతే. అది తెలుసుకునే చెయ్యి, ఏం చేసినా" అని లేచి మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడింటికి బయల్దేరింది. ఇనుప సామాన్ల దుకాణం వెనక రెండు గదులు. మరదలు కుట్టుమిషను ముందు నుంచి లేచి వచ్చి తలుపు తీసింది. ఆడపడుచును చూడగానే ఆమె మొహంలో రంగు పోయింది.

"వదినా! ఏమైంది? అన్నయ్యగారికేమన్నా..."

"ఏమీ కాలేదమ్మా. అందరూ బాగున్నారు. వాడున్నాడా?"

వాడు గోడకు ఆనుకుని, మోకాళ్ళ మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుని కూచున్నాడు. జుట్టు సగం నెరిసింది. "రా అక్కా, కూచో" అన్నాడు గాని లేవలేదు. లేవలేకనో, లేవడం ఇష్టంలేకనో ఆమెకు అర్థం కాలేదు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ అక్కడికి వచ్చేసరికి ఎటో పోయాయి.

"నీ పరీక్షలో నీకు రావాల్సిన మార్కు ఒకటి రాలేదురా. జవాబుల పట్టీ తప్పు. రాసింది నేనే."

"ఏ పరీక్ష?" అన్నాడు. ఏ పరీక్షో వాడికి తెలుసని ఇద్దరికీ తెలుసు.

సంచిలోంచి కాగితం తీసింది, ప్రశ్న రాసుకుని వచ్చింది చూపిద్దామని. వాడు చెయ్యి చాచలేదు.

"పైపు లెక్కేనా?" అన్నాడు.

ఆమె ఉలిక్కిపడింది. "ఎలా తెలిసింది?"

"మిగతావి తప్పితే తప్పి ఉండొచ్చు. పైపు ముక్కలు నాకెందుకు తప్పుతాయి? ముప్ఫై మూడు." వాడు కిటికీ వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. "మీ స్నానాలగదిలో పైపు మారుస్తుంటే నువ్వు గడప మీద కూచుని చూశావు. ఎన్ని కోతలురా, ఎన్ని ముక్కలురా అని అడిగావు. హాల్లో ఆ ప్రశ్న చూడగానే నవ్వొచ్చింది నాకు. నోటితో చెప్పకపోయినా ఈ ఒక్క మార్కూ మా అక్క ఇచ్చిందిలే అనుకున్నా."

దుకాణంలో ఎవరో ఇనుప చువ్వలు దింపుతున్న చప్పుడు గోడలోంచి వస్తోంది.

మరదలే ముందు నోరు తెరిచింది. "ఆరేళ్ళు వదినా. అప్పటికి ఈయన మెట్లెక్కేవాడు. ఇప్పుడు మేడ మీద పని అంటే వద్దని చెప్పేస్తున్నాడు. మీరు ఆ రోజు అన్నమాట నాకు చెప్పడానికి ఈయనకి నెల పట్టింది తెలుసా?"

"ఊరుకో" అన్నాడు తమ్ముడు.

"ఊరుకోను. ఆరేళ్ళు ఊరుకున్నా."

"అననీరా" అంది లెక్కలక్క. "బుర్ర పెట్టలేదన్నాను. బుర్ర పెట్టనిది నేను."

తమ్ముడు వేడినీళ్ళ సంచి పక్కన పెట్టాడు. ఎవరికో చెబుతున్నట్టు అన్నాడు. "నేను నిజంగానే మొద్దునేమో అనుకున్నానక్కా. ఉద్యోగం పోతే పోయింది, పని చేతిలో ఉంది, బతికాను. కానీ పాప లెక్కల పుస్తకం పట్టుకొస్తే, పోయి మీ టీచర్నడుగు అనేవాడిని. నాకొచ్చినవే, తెలుస్తూనే ఉంటాయి. అయినా తప్పు చెబుతానేమోనని భయం. నాలుగు తడవలు అడిగి మానేసింది. ఇప్పుడు అడగదు."

ఆమెకు ఏడుపు రాలేదు. అంతకన్నా కింద ఎక్కడో, ఒళ్ళంతా బరువుగా, ఆ చాప మీదే పడుకుండిపోవాలనిపించింది.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు వాడు.

"ఏం చెయ్యడానికీ లేదురా. నలభై లోపే తీసుకుంటారు. నీకు దాటిపోయింది."

"మరెందుకు చెప్పావు?"

"నీకు తెలియాలని."

వాడు తలూపాడు. తరవాత తిరిగి ఆమె మొహంలోకి చూశాడు, వచ్చిన దగ్గర్నుంచి మొదటిసారి. "ఇంకెంతమంది?"

"నీతో కలిపి ముప్ఫై ఒక్కరు."

"వాళ్ళకి చెప్పావా?"

"చెప్పొద్దంటున్నారు ఆఫీసులో. తప్పు రాసి ఉద్యోగాలొచ్చినవాళ్ళ సంగతేంటని అడుగుతున్నారు. నాకూ తోచట్లేదు."

"వాళ్ళ జోలికి పోవద్దు. వాళ్ళేం దొంగతనం చెయ్యలేదు, ఇచ్చింది తీసుకున్నారు. రావాల్సింది రానివాళ్ళ సంగతి వేరే. రెండూ ఒకటే లెక్క అని ఎవరన్నారు?" పైపు ఎక్కడ కారుతోందో చూపించే మనిషిలా నింపాదిగా చెప్పాడు. "ఆ రోజు నేనడిగితే, తమ్ముడని చెప్తే తప్పన్నావు. బాగానే ఉంది. ఇప్పుడు ముప్ఫై మందికీ చెప్పకుండా నాకొక్కడికే చెప్పావంటే అది తమ్ముడని చెప్పినట్టు కాదా?"

పదిహేడేళ్ళుగా మనుషుల తర్కం ఎంతో తేల్చే పని చేస్తున్న మనిషి ఆమె. రెండు వారాలుగా తను చిక్కు తియ్యలేకపోయినది మోకాళ్ళు పట్టుకుని కూచున్నవాడు రెండు ముక్కల్లో తీసేశాడు.

మరదలు టీ తెచ్చింది. గ్లాసు టక్కుమని పెట్టింది గాని, అందులో పంచదార మాత్రం వదినకు తగ్గించే వేసింది, మరిచిపోలేదు.

సోమవారం పొద్దున మీటర్ల కంపెనీలో ఉద్యోగాలు చూసే అధికారికి రెండు పేజీల ఉత్తరం రాసింది. ఏ తప్పు, ఎవరు చేశారు, ఎప్పటినుంచి, ఎవరెవరు ఒక్క మార్కులో ఆగిపోయారు. చేరినవాళ్ళను కదపవద్దని, వాళ్ళ తప్పేమీ లేదని విడిగా ఒక పేరా. జాబితాలో తమ్ముడి పేరు దగ్గర 'నా సొంత తమ్ముడు, వయసు దాటినది' అని రాసింది. పంపేముందు నకలు తీసుకెళ్ళి చిన్నసారు బల్ల మీద పెట్టింది.

అతను చదివాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. "మా నాన్న ఉంటే ఏం చేసేవాడో నాకు తెలుసు లెక్కలక్కా" అన్నాడు. "కానీ ఆయన రోజుల్లో ఈ పని చేసే సంస్థలు రెండే ఉండేవి. ఇప్పుడు సందుకొకటి. మీరు ఇది పంపితే వాళ్ళు మనదగ్గర ఉంటారా?"

"ఉండకపోవచ్చు."

"అయినా పంపుతారు."

"పంపుతానండీ."

అతను కాగితాలు తిరిగి ఇచ్చేశాడు. వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు.

మీటర్ల కంపెనీ అధికారి ఒక పెద్దావిడ, నాలుగో రోజున ఫోను చేసింది. కోపంగా గంటసేపు ప్రశ్నలడిగింది. చివర్లో, "ఇలాంటి ఉత్తరం నాకింతవరకూ ఎవరూ రాయలేదు. మెచ్చుకోవాలో తిట్టాలో తెలియట్లేదు" అని పెట్టేసింది. ముప్ఫై ఒక్కరికీ ఉత్తరాలు వెళ్ళాయి. తొమ్మిది తిరిగొచ్చాయి, ఆ చిరునామాల్లో ఆ మనుషులు లేరు. కొందరు వయసు దాటినవాళ్ళు. కొందరు వేరే ఉద్యోగాల్లో స్థిరపడి, ఇప్పుడెందుకులెమ్మన్నారు. ఏడుగురు ఇంటర్వ్యూకు వచ్చారు. ఇద్దరికి ఉద్యోగాలొచ్చాయి.

ఆ ఏడుగురిలో లేని ఒకాయన మాత్రం ఉత్తరం పట్టుకుని నేరుగా లెక్కలక్క ఆఫీసు గేటు దగ్గరికి వచ్చాడు. లారీ ఆఫీసులో గుమాస్తా అట. "ఆ ఉద్యోగం వస్తుందన్న నమ్మకంతో ఉన్నది వదులుకున్నానమ్మా. తరవాత రెండేళ్ళు రోడ్ల మీద తిరిగాను. ఇప్పుడీ కాగితం నేనేం చేసుకోను? గోడకు తగిలించుకోనా?" అని నోటికొచ్చినట్టు తిట్టాడు. కాపలాదారు అడ్డం రాబోతే ఆమె వద్దంది. నిలబడి అంతా విన్నది. ఆయన తిట్టి తిట్టి అలిసిపోయి, మంచినీళ్ళడిగి తాగి, వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం ఆమె డబ్బా విప్పలేదు.

మీటర్ల కంపెనీ ఆ ఏడు రెండో పరీక్ష వేరే సంస్థకు ఇచ్చింది. చిన్నసారు లెక్కలక్కను తీసెయ్యలేదు గాని, ప్రశ్నలు రాసే పని కుర్రవాళ్ళకు అప్పగించి ఆమెను హాలు పనిమీద వేశాడు. పేపర్లు పంచడం, సెల్‌ఫోన్లు సంచిలో వేయించడం, బల్లల మధ్య తిరగడం, వేళ అయ్యాక కాగితాలు లాక్కోవడం. మొదట్లో సిగ్గేసింది. నెల తిరిగేసరికి సిగ్గు కూడా అలవాటైంది. కాళ్ళు లాగేవి గాని కళ్ళ మంట తగ్గింది. పదిహేడేళ్ళూ ఆమె వీళ్ళను మార్కులుగానే చూసింది. ఇప్పుడు మనుషులుగా చూస్తోంది. గోళ్ళు కొరుక్కునేవాళ్ళు, ప్రశ్న చదువుతూ పెదాలు కదిపేవాళ్ళు, రైలు లెక్క దగ్గర బల్ల మీద రెండు వేళ్ళు ఎదురెదురుగా నడిపించుకునేవాళ్ళు. కడుపుతో ఉన్న ఒకమ్మాయి సగంలో లేచి వెళ్ళిపోతానంటే, గాలి తగిలే కిటికీ పక్కకు బల్ల జరిపించింది. ఆ అమ్మాయి పాసయిందో లేదో ఆమెకు తెలియదు. ఇప్పుడు జాబితాలు ఆమె దగ్గరికి రావు.

తమ్ముడు ఆ ఆదివారం తరవాత రెండు నెలలు పలకలేదు. ఆమె కూడా పలకరించలేదు. పలకరించే హక్కు వాడిదేననుకుంది. వానలు పట్టిన మొదటి వారంలో, హాల్లో పరీక్ష ముగిసి కట్టలు కడుతుండగా ఫోను మోగింది.

"అక్కా, మీ ఇంట్లో పొడుగు నిచ్చెన ఉంది కదా?"

"ఉందిరా. ఎందుకు?"

"పైకప్పు కారుతోంది. రేకు మార్చాలి."

"నువ్వెక్కుతావా ఏంటి ఆ మోకాళ్ళతో?"

"నేనెందుకెక్కుతాను? పనివాణ్ణి పెట్టా. రేపొద్దున వస్తా, బావని ఉండమను. ఒక కొస ఆయన పట్టుకోవాలి."

"సరే. టిఫిన్ ఇక్కడే తిందువుగాని."

"చూద్దాంలే" అని పెట్టేశాడు.

ఆమె ఫోను సంచిలో వేసుకుని, చివరి కట్ట చుట్టూ తాడు బిగించి, దీపాలార్పి తాళం వేసింది. బయట సన్నగా చినుకులు పడుతున్నాయి. బస్టాపులో అప్పటికే పెద్ద వరస ఉంది.